గేటు బయట చప్పట్లు

పరాగ్వేలో తలుపు తట్టరు. తట్టడానికి తలుపు అందదు కూడా. ముందు గేటు, దాని వెనక ఎర్రమట్టి వాకిలి, వాకిట్లో కుక్క. గేటు బయట నిలబడి చప్పట్లు కొట్టాలి. 19 ఏళ్ల వయసులో రెండేళ్లపాటు నేను చేసిన పని అదే. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుబిళ్ల, పక్కన అదే వేషంలో ఇంకో కుర్రాడు, నలభై డిగ్రీల జనవరి ఎండ.

చప్పట్లు కొట్టడంలోనూ పనితనం ఉంది. గట్టిగా కొడితే అప్పులవాళ్లొచ్చారనుకుంటారు. మెల్లగా కొడితే కుక్కకే వినబడుతుంది. మూడు కొట్టి ఆగాలి. లోపల టీవీ గొంతు తగ్గిందా, మనిషి ఉన్నట్టు. తగ్గి మళ్లీ పెరిగిందా, ఉన్నా లేనట్టే. మధ్యాహ్నం సియెస్తా అనే కునుకు వేళ కొట్టడమైతే మహాపరాధం, దేవుడి పనైనా సరే.

నేను పుట్టింది రాజమండ్రిలో. పదో ఏట అమ్మానాన్నలతో యూటా చేరాను. మా సంఘానికి కడవరి దిన పరిశుద్ధులని పెద్ద పేరుంది, లోకం మాత్రం మార్మన్లంటుంది. అప్పట్లో మగపిల్లలు 19 నిండగానే మిషన్‌కు వెళ్లడం రివాజు. 2012లో దాన్ని 18 చేశారు. ఏ దేశమో మనం కోరుకునేది కాదు, ఉత్తరం వచ్చేది. ఖర్చు ఇంటివాళ్లది. ప్రోవోలోని శిక్షణ కేంద్రంలో రెండు నెలలు స్పానిష్ నూరిపోసి విమానం ఎక్కించారు.

పొద్దున ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి. మధ్యలో చదువు, వీధులు, పాఠాలు. ఇంటికి ఫోన్ ఏడాదికి రెండుసార్లు: క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. వారం వారం మాట్లాడుకునే వెసులుబాటు 2019లో గానీ రాలేదు. అమ్మ ఆ రెండు ఫోన్లలో సగం సేపు ఏడ్చేది, మిగతా సగం అన్నం తింటున్నావా అని అడిగేది. తింటున్నది కర్రపెండలం అని చెబితే ఇంకో విడత ఏడ్చేది. అక్కడ దాన్ని మాందియోకా అంటారు. మనం రొట్టె ముక్కో అన్నం ముద్దో పెట్టుకునే చోట, ప్రతి పూటా ఉడకబెట్టిన ఆ దుంపే.

అన్నిటికన్నా కష్టం ఎండా కాదు, తిండీ కాదు. ఒంటరిగా ఉండకూడదు. కొంపాన్యేరో, అంటే జోడీ, ఎప్పుడూ కంటికి ఆనే దూరంలో ఉండాలి. అతను గురకపెట్టినా, మూడు రోజులుగా నీతో మాట్లాడకపోయినా సరే. ఆరు వారాలకోసారి బదిలీల కబురు వచ్చేది, దానికోసం మేం పడ్డ ఎదురుచూపులు ఏ పెళ్లికొడుకూ పడి ఉండడు.

మమ్మల్ని ఎల్డర్ అని పిలవాలి. అంటే పెద్ద. మీసం సరిగ్గా రాని సంఘపెద్దలం. వీధిలో చాలామంది ఎల్డర్ అంటే మా పేరే అనుకునేవారు. ఇద్దరి బిళ్లల మీదా అదే మాట చూసి, మీ అమ్మకు ఇంకో పేరు దొరకలేదా అని ఒకాయన నిజంగానే జాలిపడ్డాడు. నా రంగు చూసి బొలీవియా వాడినేమో అనుకుని నాతో గబగబా స్పానిష్ దంచేవారు. పక్కనున్న తెల్లబ్బాయికేమో ఒక్కో మాట నమిలి పెట్టేవారు. అతను నాకన్నా బాగా మాట్లాడేవాడు. నాకున్న లాభమల్లా తకారం, దకారం. అవి మన నాలుక మీద పుట్టుకతోనే ఉంటాయి, అతనికి ఆర్నెల్లు పట్టింది.

భాష రాకపోవడం మా సంఘంలో పాత కథే. 1851లో పార్లీ ప్రాట్ అనే అపొస్తలుడు చిలీలోని వల్పరైసోలో దిగాడు. స్పానిష్ పట్టుబడలేదు. అక్కడ పుట్టిన పసివాణ్ణి అక్కడే పాతిపెట్టి, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వకుండానే మరుసటి ఏడాది తిరిగి వెళ్లాడు. కాళ్లు బొబ్బలెక్కిన రోజుల్లో ఆయన్ని తలుచుకుంటే నాకు ప్రార్థనకన్నా ఎక్కువ ఓదార్పు దొరికేది.

పరాగ్వేలో స్పానిష్ ఒక్కటే చాలదు. ఇంట్లో గ్వారనీ. రెండూ కలగలిసిన మాటను జోపరా అంటారు. మా వీధి చివర ఒక దోన్యా ఉండేది, మన లెక్కలో పెద్దమ్మగారు. కరుడుగట్టిన కాథలిక్. సాయంత్రం వేపచెట్టులా పరుచుకున్న మామిడి కింద కూర్చుని తెరెరే తాగేది. యెర్బా ఆకు మీద మంచునీళ్లు పోసి, గ్వాంపా అనే ఒకే పాత్రలో, ఒకే లోహపు గొట్టంతో అందరూ వంతులవారీగా పీల్చే పానీయం అది. మాకు టీ, కాఫీ కూడదు గానీ యెర్బా ఆ లెక్కలోకి రాదు. ఎంగిలి సంగతి రాజమండ్రి ప్రాణానికి కష్టమే. కళ్లు మూసుకుని పీల్చి, మర్యాదగా గ్రాసియాస్ అన్నాను. అంతే, ఇక నా వంతు రాలేదు. మరునాడూ అంతే. చాలు, ఇక వద్దు అనడానికే అక్కడ గ్రాసియాస్ అంటారని వారం తర్వాత తెలిసింది. ఇంట్లోవాళ్లకు థాంక్స్ చెప్పని మన అలవాటే నయం. థాంక్స్ చెప్పే ఈ సుగుణం నాకు యూటాలో అబ్బింది.

ఒకరోజు ఆవిడ జపమాల తిప్పుతూ ‘ఒరే’ అంది. ఉలిక్కిపడ్డాను. దేవుణ్ణి పట్టుకుని ఒరే అనడమా? అడిగితే నవ్వి చెప్పింది: ఒరే అంటే మా. ఒరే రూ, మా తండ్రీ. మరి మన అనాలంటే? ఞాందే. ఎదుటివాణ్ణి కలుపుకుంటే ఞాందే, కలుపుకోకపోతే ఒరే. పక్కనున్న జోడీకి అరగంట చెప్పినా ఎక్కలేదు. ఇంగ్లీషుకూ స్పానిష్‌కూ ఆ తేడా లేదు. నాకు చెప్పనక్కర్లేకపోయింది. గోదావరి గట్టున నేనూ ‘మా తండ్రీ’ అనే కదా నేర్చుకున్నాను. దేవుడికి దేవుడు తండ్రి కాడు, అందుకని ఆయన్ని మినహాయించి మా.

ఆ తర్వాత నాకు చిక్కు మొదలైంది. స్పానిష్‌లో అప్పజెప్పే పాఠం హాయిగా సాగిపోయేది. గ్వారనీ కలిపేసరికి ప్రతి వాక్యంలో తేల్చుకోవాలి: మా గుడా, మన గుడా? మా ప్రవక్తా, మన ప్రవక్తా? మన అంటే చనువు తీసుకున్నట్టు. మా అంటే గేటు బయటే నిలబడ్డట్టు. నేను ఎక్కువగా ఒరే అనేవాణ్ణి. బాప్తిస్మాల లెక్కలో వెనకబడ్డానికి అది కూడా ఒక కారణం కావచ్చు. నాకు పెద్ద విచారం లేదు. ఇప్పటికీ ఆ గుడికి వెళ్తున్నావా అని అడుగుతారు. అది వేరే కాలమ్.

దోన్యా మారలేదు. మేమిచ్చిన పుస్తకం ఆమె టీవీ కింద ఎత్తుకు పనికొచ్చింది. నా ఆఖరి వారంలో గేటు దగ్గర అలవాటుగా మూడు చప్పట్లు కొట్టాను. లోపలినుంచి కేక: సొంతింటి ముందు ఎవరైనా చప్పట్లు కొడతారా అని. మన ఇల్లు అనే చోట ఞాందే అంది. నేను విన్నది సరైందేనా అని మళ్లీ అడగలేదు, అడిగితే సరిదిద్దుతుందేమోనని. గ్వాంపా చేతికిచ్చింది. తొమ్మిదికల్లా గది చేరాలి. జోడీ గడియారం చూసుకుని గ్రాసియాస్ అన్నాడు. నేను అనలేదు. నన్ను వదిలి వెళ్లే వీల్లేదు కాబట్టి పాపం అతనూ కూర్చున్నాడు.