నటించుట, నకరాలు: అర్థభేదవిచారము

“నటించు”, “నెపము”, “నకరాలు” అను మూఁడును లేనిదానిని ఉన్నట్లు చూపుటను దెలుపు మాటలే. అంతమాత్రమున వీనిని బర్యాయములనుట వ్యవహారమునకు విరుద్ధము.

“నటించు” సంస్కృతధాతువునకు ఇంచుక్కు చేరఁగా నేర్పడినది. సంస్కృతనాటకములందలి “నాటయతి” యను రంగసూచన నటుఁ డాభావము నభినయించునని మాత్రమే చెప్పును. అది చూచువారికిఁ దెలిసిన పని. “విననట్లు నటించెను” అన్నచోఁ జూచువాఁ డెఱుఁగఁడు, కావుననే నిందార్థము. “నెపము”నకుఁ జేష్ట యక్కఱలేదు, మాటయే చాలును. తలనొప్పి నెపమున సభకు రానివాఁడు తల పట్టుకొని కూర్చుండ నక్కఱలేదు.

ఇఁక సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములఁ బ్రచురముగ వినవచ్చు “నకరాలు” పారసీకమందలి “నఖ్రా”. ఉర్దూద్వారమునఁ దెలంగాణమునకు వచ్చినది. మూలమున విలాసచేష్ట యని యర్థము. ఆఁకలిగొనియు నన్నము వలదను బాలుని దల్లి “నకరాలు చేయకు” అనును. అచట “నటింపకు” అన్నచో బాలుఁడు మోసగాఁ డగును. తన బింకము తల్లికిఁ దెలియునని వాఁ డెఱుఁగును. బతిమాలించుకొనుటయే వాని కోరిక. కాఁబట్టి యీపదమునకుఁ జనవే ప్రాణము. చనవు లేనివానిపైఁ బ్రయోగించిన దిరస్కారము ధ్వనించును.

నేఁటి కర్మాగారపువాడలందలి “యాక్టింగు చేయు” నటించుటకు సరియైన జోడు. జబ్బని చెప్పి మూలుగుచుఁ బని తప్పించుకొనువానిది యాక్టింగు. పిలిచిన విందునకు రెండుమార్లు బతిమాలించుకొని వచ్చువానివి నకరాలు.

అన్యదేశ్యము గావున నిది గ్రాహ్యము గాదందురేమో. ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) కాలమునఁ బొన్నికంటి తెలగనార్యుఁడు పటాన్‌చెరువు ప్రభువగు అమీన్‌ఖానునకు “యయాతిచరిత్రము” నంకితము చేసెను. తొలి యచ్చతెనుఁగు కావ్యమని దానికిఁ బ్రసిద్ధి. తత్సమములను వర్జించు నట్టి నియమమున వ్యాజము, మిష చెల్లవు, నెపము చెల్లును. అది కవి స్వయముగఁ బూనిన కావ్యనియమము. నిఘంటువునకు వ్యవహారమే ప్రమాణము. కానిచోఁ బండితులు నిత్యము వాడు వ్యాజమును సయితము తొలఁగింపవలసివచ్చును.

బాలుర వ్రాఁతలో “నకరాలు” కొట్టివేసి “నటన” యని దిద్దు నుపాధ్యాయుఁడు శబ్దముతోఁబాటు అర్థమును గూడ మార్చుచున్నాఁడు. దిద్దుబాటు వలన బాలుని వాక్యము తప్పగును. “అన్యదేశ్యము, ఎదుటివారికిఁ దెలియునట్లే చూపు బింకము, బెట్టు” అని యీపదమునకు నిఘంటువున నర్థము వ్రాయుట యుక్తము.