మహాభారతంలో దూకుడు ప్రవర్తన - కారణాల అన్వేషణ: అశ్వత్థామ పాత్ర ఆధారంగా

వ్యాససంగ్రహం:
మహాభారతంలోని క్రూరకృత్యాలను పాత్రల పుట్టుస్వభావానికో విధికో ముడిపెట్టి వివరించడం మన విమర్శలో తరచుగా కనిపిస్తుంది. అయితే ఇతిహాసం ఆ కృత్యాల వెనుక ఉన్న బాల్యానుభవాలను, అవమానాలను, పెద్దల ప్రవర్తనను కూడా వరుసగా నమోదు చేసింది. అశ్వత్థామ కథను ప్రధానంగా, భీమదుర్యోధనుల బాల్యాన్ని తోడుగా తీసుకొని, దూకుడు ప్రవర్తనకు భారతం సూచించిన కారణాలను ఆధునిక మనోవిజ్ఞాన సిద్ధాంతాల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: దూకుడు ప్రవర్తన, ఆశాభంగం, అవమానం, అనుకరణ, అశ్వత్థామ, సౌప్తికపర్వం, క్షమ.

1. ఉపోద్ఘాతం:
ఎదుటివారికి హాని చేయాలనే ఉద్దేశంతో చేసే చర్యను మనోవిజ్ఞానవేత్తలు దూకుడు ప్రవర్తన అంటారు. దీనికి మూలం ఏమిటన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. జంతుప్రవర్తనను పరిశీలించిన కోన్రాడ్ లోరెంజ్ దీన్ని సహజప్రవృత్తిగా భావించాడు. జాన్ డోలార్డ్, ఆయన సహచరులు 1939లో ఆశాభంగమే దూకుడుకు దారి తీస్తుందని ప్రతిపాదించారు. రెండేళ్ల తరువాత వారిలో ఒకడైన నీల్ మిల్లర్ ఈ ప్రతిపాదనను సవరించాడు. ఆశాభంగం పలు ప్రతిస్పందనలకు కారణం కావచ్చు, దూకుడు వాటిలో ఒకటి మాత్రమే అన్నాడు. ఆల్బర్ట్ బండూరా 1961లో చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్లు బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ అలాగే కొట్టారు. దూకుడు నేర్చుకుంటే వచ్చేదన్న వాదానికి ఈ ప్రయోగం బలమైన ఆధారమైంది.

ఈ మూడు వాదాలకూ మహాభారతంలో చోటుంది. దుర్యోధనుణ్ణి కలి అంశగా, అశ్వత్థామను కామక్రోధాలు కూడా కలసిన అంశగా ఆదిపర్వం చెబుతుంది. ఇది పుట్టుస్వభావవాదానికి దగ్గరగా ఉంది. కాని భారతం అక్కడితో ఆగలేదు. అంశతో సరిపెట్టుకొని ఉంటే పాలకోసం ఏడ్చిన పసివాడి కథను చెప్పవలసిన అవసరం లేదు.

2. ఆట, హింస - భీమదుర్యోధనుల బాల్యం:
బాలభీముడు ధార్తరాష్ట్రులను నీళ్లలో ముంచేవాడు. వాళ్లు చెట్టెక్కితే చెట్టును ఊపి కిందపడేసేవాడు. అతడిలో ద్రోహబుద్ధి లేదనీ, అది బాల్యచాపల్యమేననీ సంస్కృతభారతం స్పష్టం చేస్తుంది. మనోవిజ్ఞాన నిర్వచనం ప్రకారం చూసినా, హాని చేసే ఉద్దేశం లేనప్పుడు దాన్ని దూకుడు అనలేం. అయితే నీళ్లలో ఊపిరాడని పిల్లవాడికి ఈ భేదం తెలియదు. చేసినవాడికి ఆటగా ఉన్నది పడినవాడికి అవమానంగా మిగిలింది.

దుర్యోధనుడి ప్రతిస్పందన దీనికి భిన్నమైనది. నిద్రిస్తున్న భీముణ్ణి కట్టి గంగలో తోయించడం, ఆహారంలో విషం కలపడం ముందుగా ఆలోచించి చేసినవి. ఈ ఆలోచనలకు శకుని వంటి పెద్దవాడి ప్రోద్బలం తోడైంది. మరోవైపు ఈ సంగతి బయటపెట్టవద్దని ధర్మరాజు భీముణ్ణి వారించాడు. ఒకవైపు ప్రోద్బలం, మరోవైపు మౌనం. ఈ రెండింటి మధ్య పిల్లల గొడవ రాజ్యకలహంగా పెరిగింది. దిద్దవలసిన వయస్సులో దుర్యోధనుణ్ణి దిద్దినవారు లేరన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

3. పాలు దొరకని పిల్లవాడు:
ద్రోణుడు హస్తినాపురానికి వచ్చినప్పుడు భీష్ముడికి తన గతం చెబుతాడు. ధనవంతుల పిల్లలు పాలు తాగుతుంటే చూసి తన కొడుకు తనకూ పాలు కావాలని ఏడ్చాడని నన్నయ ద్రోణుడు చెబుతాడు. ప్రచారంలో ఉన్న వ్యాసభారత పాఠంలో ఈ ఘట్టం మరింత కఠినంగా ఉంది. తోటిపిల్లలు పిండి కలిపిన నీళ్లిచ్చారు. అశ్వత్థామ వాటినే పాలనుకొని ఆనందంతో గంతులు వేశాడు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఇక్కడ లేమి కన్న నవ్వు ఎక్కువ గాయం చేసింది. అయితే ఆ గాయాన్ని మొదట గుర్తించినది పిల్లవాడు కాదు, తండ్రి.

ద్రోణుడు బాల్యమిత్రుడైన ద్రుపదుణ్ణి ఆశ్రయించాడు. రాజుకూ పేదవాడికీ స్నేహమేమిటని ద్రుపదుడు తిరస్కరించాడు. ద్రోణుడు కురుబాలకులకు విలువిద్య నేర్పి, గురుదక్షిణగా ద్రుపదుణ్ణి బంధించి తెమ్మన్నాడు, అర్ధరాజ్యం తీసుకున్నాడు. ఆ అవమానంతో ద్రుపదుడు యాగం చేసి ద్రోణవధకోసం ధృష్టద్యుమ్నుణ్ణి కొడుకుగా పొందాడు. ఇద్దరు పెద్దల పగ ఇద్దరు కొడుకుల మీదికి వచ్చింది. ధృష్టద్యుమ్నుడికి అది పుట్టుకకు ముందే నిర్ణయమైన కర్తవ్యం. అశ్వత్థామకు అది తండ్రి నడవడి చూసి నేర్చుకున్న పాఠం. అవమానానికి బదులు అవమానమేనని అతడి ఎదుట ఆచరించి చూపినవాడు కన్నతండ్రి, గురువు కూడా. బండూరా చెప్పిన అనుకరణకు ఇంతకన్న స్పష్టమైన ఇతిహాసోదాహరణ దొరకడం కష్టం.

4. సౌప్తిక సంహారం - తక్షణ కారణాలు:
అబద్ధంతో ద్రోణుణ్ణి అస్త్రసన్న్యాసం చేయించి, ధృష్టద్యుమ్నుడు తల నరికాడు. ఇది అశ్వత్థామ ఆశాభంగానికి పరాకాష్ఠ. అయినా అతడు వెంటనే నిద్రిస్తున్నవారిని చంపలేదు. దుర్యోధనుడు కూలిన రాత్రి, చెట్టుమీద నిద్రిస్తున్న కాకులను గుడ్లగూబ చంపడం చూసిన తరువాతనే అతడికి ఆ ఆలోచన కలిగింది. కోపం దూకుడుకు సంసిద్ధతను మాత్రమే కల్పిస్తుందనీ, పరిసరాల్లోని సూచనలు దాన్ని చర్యగా మారుస్తాయనీ లియొనార్డ్ బెర్కోవిట్జ్ వివరించాడు. గుడ్లగూబ అటువంటి సూచన.

కృపుడు వద్దన్నాడు. నిద్రిస్తున్నవారిని చంపడం అధర్మమన్నాడు. ధర్మపు కట్టను పాండవులే ముందు తెంచారని అశ్వత్థామ సమాధానమిచ్చాడు. చేయబోయే పనికి ఎదుటివాడి తప్పును అనుమతిగా మార్చుకోవడం ఇది. బండూరా తరువాతి రచనల్లో నైతిక నియంత్రణల నుంచి మనసు తప్పుకోవడమని చెప్పినది ఇటువంటి స్థితినే. వద్దన్న కృపుడే చివరకు కృతవర్మతో కలసి శిబిరద్వారం దగ్గర నిలిచి, పారిపోయేవారిని చంపాడు. మాటతో వారించి చేతతో సహకరించిన పెద్దరికం దూకుడును ఆపలేదు. పైగా దానికి కాపలా కాసింది.

ఆ రాత్రి చనిపోయిన ఉపపాండవులు ద్రోణవధకు కారకులు కారు. గురి మారిన కోపానికి వాళ్లు బలయ్యారు. ఆపైన అస్త్రం ఉత్తర గర్భంలోని శిశువు మీదికి వెళ్లింది. పాలకోసం ఏడ్చిన శిశువుతో మొదలైన కథ, ఇంకా పుట్టని శిశువు మీద ప్రయోగించిన అస్త్రం దాకా సాగింది.

5. క్షమ, దాని పరిమితి:
పోతన భాగవతం ప్రథమస్కంధంలో అర్జునుడు అశ్వత్థామను కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలబెడతాడు. అయిదుగురు కొడుకులను పోగొట్టుకున్న ఆ తల్లి, తనలాగే కృపి కూడా పుత్రశోకంతో కుమలకూడదని అతణ్ణి విడిచిపెట్టమంటుంది. ఎదుటి తల్లి శోకాన్ని తన శోకంతో పోల్చి చూడగలగడం వల్ల ఆమె ప్రతీకారాన్ని వదులుకోగలిగింది. మిల్లర్ సవరణకు ఇది నిదర్శనం. గాయపడిన ప్రతివారూ గాయపరచరు.

ఈ ఘట్టాన్ని క్షమావిజయంగా మాత్రమే చదవడం పరిపాటి. కాని భాగవత కథాక్రమం అంత సులువైన ముగింపునివ్వదు. అశ్వత్థామను ప్రాణాలతో విడిచినా, తల గొరిగి, శిరోమణి తీసుకొని వెళ్లగొట్టారు. ఉత్తర గర్భం మీద అస్త్రప్రయోగం భాగవతంలో దీని తరువాతనే వస్తుంది. ఒకదానికి మరొకటి కారణమని కవి చెప్పలేదు. అయినా ఆ వరుస ఆలోచింపజేస్తుంది. ద్రౌపది ఇచ్చిన క్షమ, అమలయ్యే వేళకు మరో అవమానంగా మారింది. శిక్ష తప్పినా, నవ్వులపాలు కావడం తప్పని మనిషిలో మార్పును ఆశించడం కష్టం.

6. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు:
1. మహాభారతం అంశావతారాలను చెప్పినా, దూకుడు ప్రవర్తనకు బాల్యావమానం, పెద్దల ఆచరణ, పరిసరాల ప్రేరణ అనే కారణాలను కూడా కథగా నిరూపించింది.
2. పిల్లల దూకుడు కన్న దాన్ని ప్రోత్సహించిన, దాని పట్ల మౌనం వహించిన పెద్దల ప్రవర్తన ఎక్కువ హానికి దారితీసింది.
3. ఆశాభంగం అనివార్యంగా దూకుడుగా మారదు. ద్రౌపది అందుకు సాక్ష్యం.
4. కారణాలను వివరించడం నేరాన్ని సమర్థించడం కాదు. అశ్వత్థామ చేసినది ఘోరమనడంలో భారతానికి సందేహం లేదు.

తరగతిగదిలో తోటివాణ్ణి కొట్టిన పిల్లవాణ్ణి చూసి వాడి బుద్ధే అంత అనడం అధ్యాపకులమైన మనకు సులువు. అది అంశావతారాల దగ్గరే భారతపఠనాన్ని ఆపేయడం వంటిది. కొంత ముందుకు చదివితే, ఆ పిల్లవాడి చేతిలో పాలని చెప్పి పిండినీళ్లు పెట్టినవారెవరో, చుట్టూ నిలిచి నవ్వినవారెవరో అడగవలసి వస్తుంది. సాహిత్యవిమర్శ మనోవిజ్ఞానంతో చేయి కలపవలసినది ఆ ప్రశ్న దగ్గరే.