ఎకోను చెదరగొట్టి, రివర్బరేషన్‌ను నిలిపిన హాలు

ఎకో, రివర్బరేషన్ రెండూ గోడకు తగిలి వెనక్కి వచ్చే శబ్దాలే. తేడా అంతా అవి వచ్చే వేళలో, వచ్చే తీరులో ఉంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 17 మీటర్ల దూరంలో పెద్ద నున్నటి గోడ ఉంటే, మన చప్పుడు పోయి రావడానికి 0.1 సెకను పడుతుంది. ఆ పాటి ఎడం ఉంటే చెవి దాన్ని మరో చప్పుడుగా గుర్తిస్తుంది. అది ఎకో, అంటే ప్రతిధ్వని. అలా కాక, అన్ని వైపుల నుంచీ లెక్కలేనన్ని పరావర్తనాలు ఎడం లేకుండా ఒకదాని మీద ఒకటి వచ్చి పడితే చెవి వాటిని విడదీయలేదు. అసలు శబ్దమే కాస్త సాగి, మెల్లగా సన్నగిల్లినట్టు వినిపిస్తుంది. అది రివర్బరేషన్, ప్రతినాదం.

ఈ రెండోదానికి కొలత చూపినవాడు హార్వర్డ్ భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సాబిన్. అక్కడి ఫాగ్ మ్యూజియం ఉపన్యాస శాలలో మాట అర్థం కావడం లేదని 1895లో దాన్ని సరిచేసే పని ఆయనకు అప్పగించారు. ఆ గదిలో శబ్దం సుమారు 5.5 సెకన్లు నిలిచేది. ఒక మాట ఆరేలోపే మరికొన్ని మాటలు దాని మీద పడేవి. సాబిన్ రాత్రివేళ ఆర్గన్ గొట్టం ఊదించి, ఆపి, శబ్దం పూర్తిగా అణిగేదాకా ఎంతసేపు పట్టిందో కొలిచాడు. శాండర్స్ థియేటర్ నుంచి కుషన్లు తెప్పించి, కొన్ని కొన్నిగా పరుస్తూ మళ్లీ మళ్లీ కొలిచాడు. చివరికి సూత్రం తేలింది: గది ఘనపరిమాణం పెరిగితే ప్రతినాదం పెరుగుతుంది, శబ్దాన్ని పీల్చేవి పెరిగితే తగ్గుతుంది.

ఆ లెక్క ఆధారంగా కట్టి, 1900లో తెరిచినదే బోస్టన్ సింఫనీ హాల్. సుమారు 23 మీటర్ల వెడల్పు, 18.6 మీటర్ల ఎత్తు ఉన్న పొడవాటి పెట్టెలాంటి గది అది. వెడల్పు తక్కువ కాబట్టి పక్క గోడల నుంచి వచ్చే శబ్దం అసలు స్వరం వెన్నంటే చేరి, దానిలో కలిసిపోతుంది. వేదిక గోడలు లోపలికి వాలి ఉండి వాద్యాల ధ్వనిని శ్రోతల వైపు నెడతాయి. పక్క బాల్కనీలకు లోతు తక్కువ, వాటి కింద శబ్దం చిక్కుకోదు. పైకప్పులో లోతైన గళ్లు, గోడల గూళ్లలో 16 విగ్రహాలు ఉన్నాయి. చూడటానికి అలంకారాలే కానీ, శబ్దం ఒకే దిక్కుకు తిరిగి పోకుండా దాన్ని చెదరగొట్టేవి అవే. గట్టి ప్లాస్టరు శబ్దాన్ని నిలబెడుతుంటే, కూర్చున్న జనమే దాన్ని కొంత పీల్చుకుంటారు.

జనంతో నిండిన ఆ హాల్లో ప్రతినాదం సుమారు 1.9 సెకన్లు. ఒక స్వరం తర్వాతి స్వరాన్ని అందుకోవడానికి ఆ వ్యవధి చాలు, దాన్ని మింగేయడానికి చాలదు.