అచ్చుచిత్రానికి అంచు: కృతి ఎక్కడ ముగుస్తుంది?

గత పాఠంలో ఎచింగ్, లితోగ్రఫీ పద్ధతులను తెలుసుకున్నారు. ఈ పాఠంలో చిత్రం చుట్టూ ఉన్నదాన్ని పరిశీలిద్దాం. అచ్చుచిత్రాల మీద రాసే విమర్శకులు రేఖ, రంగు, ఇతివృత్తం గురించి చెప్పి ఊరుకుంటారు. అంచు సంగతి పటాలు కట్టే దుకాణానికి వదిలేస్తారు. ఇది విమర్శలో చిన్న లోపం కాదని నా అభిప్రాయం. అంచును ఎంచుకోవడమంటే కృతి ఎక్కడ ముగిసిందో తీర్పు చెప్పడమే.

మొదట ఒక భేదం గమనించండి. అంచు అనే ఒకే మాటతో మనం మూడింటిని పిలుస్తున్నాం. కాగితం మీద అచ్చు పడకుండా మిగిలిన ఖాళీ, దాని మీద కిటికీలా కోసి పెట్టే మౌంటు అట్ట, చుట్టూ బిగించే ఫ్రేము. చివరి రెండూ నచ్చకపోతే మార్చుకోవచ్చు. మొదటిదాన్ని కత్తిరిస్తే మళ్లీ రాదు.

ఆ ఖాళీలో ఏముంటుంది? ఎచింగ్‌లో తడి కాగితాన్ని లోహపు పలకపై పరచి ప్రెస్సులో నడుపుతారు. ఆ ఒత్తిడికి పలక అంచు కాగితంలో దిగి గీతలా నిలుస్తుంది. ఇదే ప్లేట్ మార్క్. దాని కింద పెన్సిలుతో ఎడమవైపు సంఖ్య, కుడివైపు సంతకం ఉండటం ఆధునిక ఆచారం. 12/50 అంటే 50 ప్రతుల్లో 12వది. ఒక కళాశాల ప్రదర్శనలో ఈ రెండింటినీ మౌంటు కింద దాచేసి, పక్కన కంప్యూటర్‌లో అచ్చువేసిన పేరు చీటీ అంటించడం చూశాను. చిత్రకారుడి చేతిరాత కంటే చీటీ అందంగా ఉందనుకున్నారేమో!

అయితే ఖాళీ అంతా పవిత్రమేనా? కాదన్నవాడు సామాన్యుడు కాదు. జేమ్స్ మెక్‌నీల్ విస్లర్ (1834–1903) తన వెనిస్ ఎచింగుల కాలం నుంచి కాగితాన్ని ప్లేట్ మార్క్ వరకు కత్తిరించేవాడు. కింద చిన్న నాలుక లాంటి ముక్క మాత్రం వదిలి, దాని మీద సీతాకోకచిలుక ఆకారంలో తన సంతకం గీసేవాడు. విశాలమైన ఖాళీ మీద మోజు కళాకారుడిది కాదని, కాగితం కొలతను చూసి మురిసే సేకర్తలదని 1886లో ప్రకటించాడు కూడా. ఇక్కడ మీరు జాగ్రత్తగా ఆలోచించాలి. విస్లర్ కత్తెర పట్టాడు గనుక మనమూ పట్టవచ్చా? ఆయన ప్రతులకు ఆ కోత కృతిలో భాగం. ఆ చిన్న ముక్క బయటికి కనబడేలా మౌంటు కోయాలి. మరొకరి ఎచింగ్‌ను అలా కోస్తే ఆ కళాకారుడి నిర్ణయాన్ని చెరిపినట్లే. అంచు లేకపోవడమూ ఒక ఎంపికే. ఆ ఎంపిక ఎవరు చేశారన్నదే అసలు ప్రశ్న.

మన ఇళ్లలోని ఉదాహరణ చూడండి. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్సు ఓలియోగ్రాఫులు దేశమంతా గోడలకెక్కాయి. వాటిలో చాలా ప్రతుల కింది అంచున చిత్రం పేరు, ప్రెస్సు పేరు ఉంటాయి. ప్రెస్సు తర్వాతి కాలంలో లోనావలా దగ్గరి మలవలికి తరలింది. కనుక ఆ చిన్న అక్షరాల్లోని ఊరి పేరు ప్రతి కాలాన్ని అంచనా వేయడానికి ఆధారం. చేతిలో ఉన్న ఫ్రేములో పట్టదని ఆ పట్టీని కత్తిరించిన ప్రతులు ఎన్నో. బొమ్మ దక్కింది, దాని పుట్టుక పోయింది. ఈ చిత్రాలకు నగిషీ ఫ్రేము పెట్టడాన్ని మాత్రం నేను తప్పుపట్టను. పూజగదిలో, వసారాలో దూరం నుంచి చూసేందుకు కుదిరిన బొమ్మలవి. చుట్టూ వెడల్పాటి తెల్లని అట్ట పెడితే మ్యూజియం సరుకులా బిగుసుకుపోతాయి.

కె. లక్ష్మా గౌడ్ ఎచింగులకు ఈ న్యాయం వర్తించదు. ఆయన సన్నని గీతలు మేకలను, మనుషులను, చెట్లను ఒకదానిలో ఒకటి అల్లుతాయి. దగ్గరికి వెళ్లి చదవవలసిన రేఖ అది. నగిషీ ఫ్రేము దానితో పోటీపడుతుంది, విశాలమైన ఖాళీ కంటికి ఊపిరినిస్తుంది. మౌంటు కిటికీని ప్లేట్ మార్క్‌కు ఆనించకుండా కొంచెం ఎడంగా, సంఖ్యా సంతకమూ కనబడేలా కోయించాలి. కింది అంచు పై అంచు కంటే కాస్త వెడల్పుగా ఉండాలి. రెండూ సమానంగా ఉంటే చిత్రం కిందికి జారినట్లు అనిపిస్తుంది.

ఇక రంగు. చిత్రంలోని ఎరుపునో నీలాన్నో ఏరి అదే రంగు అట్ట పెట్టడం దుకాణాల్లో ఎక్కువ. నాకది నచ్చదు. చిత్రకారుడు పొదుపుగా వాడిన రంగును మనం గంపెడు కుమ్మరించినట్లు ఉంటుంది. అలాగని మిరుమిట్లు గొలిపే తెలుపూ క్షేమం కాదు. పాత కాగితం దాని పక్కన మురికిగా కనిపిస్తుంది. చిత్రపు కాగితాన్నే చూసి, దాని ఛాయకు దగ్గరి అట్టను ఎంచుకోండి. అట్ట ఆమ్లరహితమై ఉండాలి. చవక అట్టలోని ఆమ్లం ఏళ్లు గడిచేకొద్దీ కిటికీ పొడవునా కాగితంపై గోధుమరంగు చార వేస్తుంది. మౌంటు చేసే మరో పని, కాగితాన్ని అద్దానికి తగలకుండా ఉంచడం. తగిలితే తేమకు అతుక్కుపోతుంది, బూజు పడుతుంది. కోస్తా జిల్లాల విద్యార్థులకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

అభ్యాసం: మీ ఇంట్లోనో, తెలిసినవారింట్లోనో పటం కట్టిన పాత అచ్చుచిత్రం ఒకటి ఎంచుకోండి. విప్పవద్దు. కాగితపు అంచు నాలుగు వైపులా ఎంత కనిపిస్తోంది, కింద అక్షరాలు మిగిలాయా, మౌంటు ఏ రంగులో ఉంది, చార పడిందా అనేవి రాసుకోండి. ఆ అంచును ఎవరు నిర్ణయించి ఉంటారో మీకు కనిపించిన ఆధారాలతో ఒక పుటలో చర్చించండి.