మంగోలియా సంచారుల ఇల్లు, మంద, దారి

మంగోలియా సంచార పశుపాలకులు ఉండే గుండ్రటి గుడారపు ఇంటిని గెర్ అంటారు. కర్ర, ఉన్ని, తోలు, వెంట్రుకలతో పేనిన తాళ్లు ఉంటే సంప్రదాయ గెర్ తయారవుతుంది. సన్నని విల్లో బద్దలను ఏటవాలుగా ఒకదానిమీద ఒకటి పేర్చి, కలిసిన చోటల్లా రంధ్రం చేసి ఒంటె తోలు పోగుతో ముడి వేస్తే, చాపితే విచ్చుకొని మూస్తే ముడుచుకొనే దడి వస్తుంది. ఇదే ఖన. ఒక కుటుంబపు గెర్‌కు సాధారణంగా అయిదు ఖనలు వలయంగా కడతారు. వాటి అంచుల నుంచి వాసాలు పైకి లేచి, టోనో అనే చక్రం తొలుల్లో దూరతాయి. ఆ చక్రాన్ని రెండు నిట్టాడులు మోస్తాయి. గుండ్రటి ఇంటికి గాలి విసురుగా తగిలే మూలలు లేవు. ఈదురుగాలి మరీ ఎక్కువైతే టోనో నుంచి వేలాడే తాడుకు బరువైన రాయి కట్టి ఇంటిని నేలకు అదిమిపెడతారు. ఇంటిల్లిపాదీ చేయి వేస్తే గంట, రెండు గంటల్లో గెర్ నిలబడుతుంది. విప్పడానికి అంతసేపు కూడా పట్టదు. ఈ నిర్మాణ విద్యను యునెస్కో 2013లో మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంటికి వెచ్చదనమిచ్చేది ఎస్గీ అనే ఉన్ని కప్పు. మన కురుమల గొంగడికి నూలు వడకాలి, మగ్గం మీద నేయాలి. ఎస్గీకి ఆ రెండూ అక్కర్లేదు. కత్తిరించిన గొర్రె ఉన్నిని కర్రలతో బాది పొరలు పొరలుగా పరిచి, నీళ్లు చిలకరిస్తారు. దాన్నంతా ఒక గుంజకు చుట్టి, తోలు కప్పి, గుర్రానికో ఒంటెకో కట్టి మైదానంలో చాలాసేపు ఈడ్పిస్తారు. ఉన్ని పోగు పైన కంటికి కనపడని పొలుసులుంటాయి. తడికీ ఒత్తిడికీ రాపిడికీ అవి ఒకదానికొకటి చిక్కుకొని, మళ్లీ విడదీయలేనంత దట్టమైన పలకగా మారతాయి. పరుపుగా వేసే పాత ఎస్గీని తల్లి అనీ, దానిపై పుట్టిన కొత్తదాన్ని కూతురనీ పిలుస్తారు. ఆ పని ఒక్క ఇంటితో అయ్యేది కాదు, ఇరుగుపొరుగు కలవాల్సిందే. చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 30, 40 డిగ్రీలకు పడిపోయే చోట ఎస్గీ పొరలు పెంచుతారు. ఎండకాలంలో అడుగు అంచును పైకి చుట్టి గాలి ఆడనిస్తారు.

గెర్ తలుపు దక్షిణానికి ఉంటుంది. టోనో గుండా పడే ఎండ గోడ మీద జరిగేకొద్దీ పొద్దు ఎంత ఎక్కిందో ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. నడుమ పొయ్యి, అందులో ఎండిన పేడ ఇంధనం. తలుపుకు ఎదురుగా ఉత్తరాన ఖోయిమోర్ అనే గౌరవస్థానం ఉంటుంది. దైవపటాలు, పెద్దల చోటు అక్కడే. పడమటి పక్క మగవాళ్లదీ అతిథులదీ, తూర్పు పక్క వంటదీ ఆడవాళ్లదీ. గడప తొక్కకూడదు, రెండు నిట్టాడుల మధ్య నడవకూడదు.

ఈ ఇల్లు ఇంత తేలిగ్గా ఉండటానికి కారణం గడ్డి. గుర్రాలు, ఒంటెలు, గొర్రెలు, మేకలు, ఆవులు లేదా జడల బర్రెలు ఒకే చోట మేస్తే ఆ నేల తేరుకోదు. అందుకే చలికాలానికి కొండ చాటు, వేసవికి నీటి పక్క, ఇలా రుతువుకో మకాం. గడ్డి తగ్గితే మందలో కొంత భాగాన్ని తోలుకొని కొందరు దూరం పోతారు. దాన్ని ఓటోర్ అంటారు. 1992 రాజ్యాంగం కూడా పచ్చికబయళ్లను సొంత ఆస్తిగా ఇవ్వడాన్ని అనుమతించలేదు. కంచెలు వెలిస్తే ఈ సంచార విద్యకు ప్రాణం ఉండదు. దీనికి అసలు పరీక్ష జుద్, అంటే చలికాలంలో మేతో నీరో అందక పశువులు చనిపోయే విపత్తు. మంచు మేతను మూసేస్తే తెల్ల జుద్, మంచే పడక పశువులకు నీరు దొరకకపోతే నల్ల జుద్, కరిగిన మంచు గడ్డకట్టి నేలను పలకలా కప్పేస్తే ఇనుప జుద్. 2009–10 చలికాలంలో 80 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి.

వేసవిలో గుర్రపు పాలు పితికి, ఖోఖూర్ అనే తోలు సంచిలో పోసి, కవ్వంతో వేల సార్లు చిలికి పులియబెడితే అయిరగ్ అవుతుంది. 2019లో యునెస్కో ఈ పద్ధతినీ గుర్తించింది.

గోబీ ఎడారి పశుపాలకుల విద్యల్లో అన్నిటికన్నా సున్నితమైనది ఒంటెను మరిపించడం. ఈనిన ఒంటె ఒక్కోసారి పిల్లను దగ్గరికి రానివ్వదు. తల్లి చనిపోయిన పిల్లను మరో ఒంటెకు అలవాటు చేయాల్సి రావచ్చు. తెల్లవారుజామునో మునిమాపునో తల్లిని పిల్ల దగ్గర కట్టి, గాయకురాలు ఒకే మాటను పదేపదే రాగం తీస్తుంది. ఒంటె కోపగించినా, మెత్తబడినా దాన్నిబట్టి రాగం మారుస్తుంది. పక్కన గుర్రపు తల వాయిద్యం మోరిన్ ఖూర్ గానీ వేణువు గానీ మోగుతుంది. తల్లి చేపు విడిచి పిల్లకు పాలిచ్చేదాకా ఓపిక పట్టాల్సిందే. 2015లో యునెస్కో దీన్ని తక్షణం కాపాడవలసిన వాటిలో చేర్చింది. పశువుతో మనిషికున్న బంధాన్ని ఇంత స్పష్టంగా చూపే ఆచారాలు లోకంలో అరుదు.

గోబీలో ఇసుక దిబ్బలు కొద్ది భాగమే, తక్కినదంతా గులకరాళ్లు, పలుచని గడ్డి. చాలాచోట్ల రోడ్డంటే బండి చక్రాల జాడలే. దూరం నుంచి వచ్చినవారిని కాదనకూడదన్నది ఇక్కడి నియమం. చలిలో దారి తప్పినవారికి అడ్డం వచ్చిన మొదటి గెర్ ప్రాణాధారం కాబట్టి ఇది మర్యాదకు మించిన అవసరం. బాటసారి ముందుగా కుక్కను పట్టుకోమని కేకేసి, పిలిచాక లోపలికి వెళ్లాలి. ఉప్పు వేసిన పాల టీ గిన్నెను కుడిచేత్తో, ఎడమచేతిని మోచేతి కింద ఆనించి అందుకోవాలి. పెట్టినదాన్ని రుచైనా చూడాలి.

నేడు గెర్ పక్కన సౌరఫలకం, మోటార్‌సైకిల్ మామూలు. వాటితో సంచారానికి మేలే. చిక్కు మేకలతో వచ్చింది. 1990ల తర్వాత కశ్మీరు ఉన్నికి గిరాకీ పెరిగి మేకల సంఖ్య బాగా పెరిగింది. మేక గడ్డిని మొదలంటా కొరుకుతుంది, పచ్చిక పలుచబడుతుంది. జుద్‌లో మంద పోయినవారు రాజధాని ఉలాన్‌బాతర్ చేరి, శివార్ల గెర్ వాడల్లో బొగ్గు కాల్చుకుంటూ బతుకుతున్నారు. దేశంలోని 35 లక్షల జనాభాలో దాదాపు సగం ఆ నగరంలోనే ఉంది.