ప్రాస ఎక్కడ పడాలి?

నరసాపురం రేవులో నిలబడ్డవాళ్లు అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. పంటు ఇవతల ఉందా, సఖినేటిపల్లి వైపు ఉందా? బండి ఎక్కించుకుంటారా? పాటలు రాయడం నేర్చుకుంటున్న పిల్లలు నన్ను అడిగేవీ అంతే సూటిగా ఉంటాయి. ప్రాస తప్పనిసరా? ఎక్కడ వేయాలి?

పద్యం సంగతి వేరు. ఉత్పలమాలలో నాలుగు పాదాలకూ రెండో అక్షరంలో ఒకే హల్లు ఉండాలి, అచ్చు మారినా ఫర్వాలేదు. ఆటవెలదికి ఆ నియమమే లేదు. పాటకు మాత్రం ఇలాంటి జవాబు చాలదు. అందుకే వాళ్లను పాత పడవ పాటలు వినమంటాను.

ఒకాయన చరణం ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు ‘హైలెస్సా’ అని అందుకుంటారు. తెడ్లన్నీ ఒక్కసారి నీళ్లలో పడాల్సింది అక్కడే. ఎత్తుకునేవాడు మాటలు అప్పటికప్పుడు కట్టినా, చరణం చివర ప్రాస వినపడగానే పక్కవాడి చేతులు సిద్ధమవుతాయి. అక్కడ ప్రాస తప్పితే తెడ్డు తప్పుతుంది. గెడ వేసేటప్పుడు కాలు కదిపే నడక వేరు, కాలవగట్టున తాడు పట్టి పడవను లాగే నడక వేరు. పనిని బట్టి చరణం సాగుతుంది, కురచవుతుంది. ఏ ఛందస్సు పుస్తకమూ నాకు ఇంత బాగా చెప్పలేదు. ప్రాస చెవి కోసమే అనుకునేవాళ్లు సగమే విన్నారని నా నమ్మకం.

ఇంజను వచ్చాక పడవకు పాటతో పని లేకుండా పోయింది. 1974లో రాజమండ్రికీ కొవ్వూరుకూ మధ్య రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చింది. తర్వాత కోనసీమ పాయల మీదా వంతెనలు లేచాయి. అవి రావాల్సినవే. వరదలో నొప్పులు పడుతున్న ఆడమనిషిని దాటించిన ఇళ్లవాళ్లకు వంతెన విలువ తెలుసు. కానీ పనితో పాటు పాటా పోతోంది, మాటలు మాత్రం అచ్చులో మిగులుతున్నాయి. మాటలొక్కటే చదివితే ప్రాస ఎందుకు అక్కడ పడిందో అర్థం కాదు.

మీ ఊళ్లో తెడ్డు వేసిన పెద్దాయన ఎవరైనా ఉంటే, ఈ వారమే వెళ్లి ఫోన్‌లో ఆయన పాట రికార్డు చేయండి. ఏ పని చేస్తూ పాడేవారో అడగండి. చెయ్యి ఎక్కడ కదిలేదో చూపించమనండి. అదీ వీడియో తీయండి.