జంట ఆటలో మన సానియా

టెన్నిస్‌లో డబుల్స్‌ను చిన్నచూపు చూసేవాళ్లు సానియా మీర్జాను గుర్తుచేసుకోవాలి. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు అందుకున్న ఈ హైదరాబాదీ, గాయాలు వేధించడంతో 2013లో సింగిల్స్ వదిలి డబుల్స్‌నే నమ్ముకుంది.

అది తేలిక దారి కాదు. డబుల్స్‌లో కోర్టు వెడల్పు 27 అడుగుల నుంచి 36కు పెరుగుతుంది. బంతి ఎవరిదో రెప్పపాటులో తేల్చుకోవాలి. నాగలికి కట్టిన ఎడ్లలో ఒకటి తొందరపడితే సాలు వంకర పోతుందని రైతుకు చెప్పనక్కర్లేదు. డబుల్సూ అంతే. వెనక నుంచి సానియా ఫోర్‌హ్యాండ్ ప్రత్యర్థులను ఇరుకున పెడితే, నెట్ దగ్గర ఆమె జోడీ మార్టినా హింగిస్ పాయింటు ముగించేది. 2015లో వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఈ జంటవే. వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. మిక్స్‌డ్ డబుల్స్‌లో మహేశ్ భూపతితో రెండు, బ్రూనో సోరెస్‌తో ఒకటి గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు సానియా ఖాతాలో ఉన్నాయి.

2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. 2018లో తల్లయ్యాక, 2020లో హోబర్ట్ టైటిల్‌తో తిరిగొచ్చింది. 2023లో ఆటకు వీడ్కోలు పలికింది.

తోడు ఆటగత్తె బలాన్ని తన బలంగా మలచుకోవడం గొప్ప విద్య. మన ఊళ్లలో ఆడపిల్లలు ఆడతామంటే ఆపకండి, ర్యాకెట్ చేతికివ్వండి.